అమ్మా కూతురూ కలిసి కలంకారీ జీవవృక్షం: గుడ్డ నానబెట్టడం నుంచి చివరి ఉతుకు దాకా

మా అమ్మాయీ నేనూ వేసిన జీవవృక్షం గుడ్డ చూసినవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇవే: నలుపు ఎందుకు పాకిపోతోంది? ఎరుపు ఎందుకు పట్టడం లేదు? పిల్లకి ఏ పని ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు? అన్నిటికీ ఒకేచోట జవాబు ఉండాలని వివరంగా రాస్తున్నాను.

ఇది శ్రీకాళహస్తి పద్ధతి. అంటే అచ్చులతో అద్దడం కాదు, కలంతో గీయడం. అక్కడి కళాకారులు చేసే వరసనే ఇంటికి, వంటింటి పొయ్యికి, పిల్ల చేతికి సరిపోయేలా కుదించాను. నలుపు, ఎరుపు, పసుపు, ముదురు ఆకుపచ్చ, ఈ నాలుగు రంగులే ఉంటాయి. నీలం మొదటి గుడ్డకి వద్దు. నీలిమందు తొట్టి పెట్టడం వేరే పెద్ద పని, పిల్లలున్న ఇంట్లో మరీ.

పిల్లకి పదేళ్ళు దాటి ఉంటే అన్ని దశల్లోనూ పాల్గొనగలదు. అంతకంటే చిన్నదైతే బొగ్గుతో గీయడం, పసుపు నింపడం మాత్రం ఇవ్వండి.

## 1. ముందు రోజులు లెక్క వేసుకోండి

ఈ పని ఒక్క ఆదివారంలో అయ్యేది కాదు. నల్లరంగు పులవడానికే దాదాపు మూడు వారాలు కావాలి. సంక్రాంతి సెలవుల్లో నలుపు కుండ పెట్టుకుంటే ఫిబ్రవరి, మార్చి ఎండల్లో మిగతాదంతా హాయిగా సాగుతుంది. వానాకాలంలో మొదలుపెట్టకండి. పాలలో ముంచిన గుడ్డ ఆరక కంపు కొడుతుంది, రంగు కూడా మచ్చలుగా పడుతుంది.

- మూడు వారాల ముందు: నల్లరంగు కుండ
- మొదటి వారాంతం: గుడ్డ ఉడకబెట్టడం, కరక్కాయ పాలు
- రెండో వారాంతం: బొగ్గుతో బొమ్మ, నలుపు గీతలు
- ఆ తర్వాతి వారంలో ఒక సాయంత్రం: పటిక
- మూడో వారాంతం: కడగడం, ఎరుపు ఉడకబెట్టడం
- ఆ వారమంతా: ఎండలో తెల్లబరచడం
- నాలుగో వారాంతం: రెండోసారి పాలు, పసుపు, ఆకుపచ్చ

పరీక్షల వారం మధ్యలో పడకుండా చూసుకోండి. పటిక పూసిన గుడ్డ రెండు రోజులు ఎక్కువ ఆగినా నష్టం లేదు. పాలు కలిపిన కరక్కాయ నీళ్ళు మాత్రం పూట కూడా ఆగవు.

## 2. సరుకులు

మూలికల కొట్టులో:
- కరక్కాయ పొడి, 50 గ్రాములు (గింజ తీసి దంచినది)
- మంజిష్ఠ పొడి, 100 గ్రాములు (ఎరుపు రంగునిచ్చే వేరు)
- పటిక, 50 గ్రాములు

ఇంట్లో, బజారులో:
- కోరా నూలు గుడ్డ, ఒక మీటరు. పాలియెస్టర్ కలిసింది పనికిరాదు
- చిక్కటి పచ్చి గేదె పాలు, ఒక లీటరు. మొదటిసారికి అర లీటరు, రెండోసారికి అప్పుడే తాజాగా తెచ్చిన అర లీటరు
- బెల్లం, తుప్పు పట్టిన మేకులు, చెరి 100 గ్రాములు
- ఎండబెట్టిన దానిమ్మ తొక్కలు, 100 గ్రాములు
- చాకలి సోడా, కుంకుడుకాయలు
- వెదురు పుల్లలు, పాత ఉన్ని ముక్క, దారం
- పెద్ద స్టీలు గిన్నె, చెక్క గరిటె, ప్లాస్టిక్ తాడు, చేతులకు రబ్బరు తొడుగులు

రంగులకి వాడిన గిన్నె మళ్ళీ వంటకి వాడకూడదు. దాన్ని వేరే అరలో పెట్టి, ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి.

మీటరు గుడ్డలో ముప్పావు మీటరు బొమ్మకి. మిగిలిన పావు మీటరుని అరచేతి వెడల్పు ముక్కలుగా కత్తిరించి, ప్రతి దశలోనూ పెద్ద గుడ్డతో పాటే నానబెట్టండి, ఉడకబెట్టండి. ఏ రంగైనా ముందు ఈ ముక్క మీదే వేసి చూడాలి. వీటి బాధ్యత పూర్తిగా అమ్మాయిది. ఒక నోటుపుస్తకంలో ముక్కని అతికించి, పక్కన తేదీ, కొలత రాస్తుంది. రెండో గుడ్డ వేసేనాటికి ఆ పుస్తకమే మీకు పెద్ద ఆధారం.

## 3. నల్లరంగు: కసింకారం

మేకులకి నూనె, పెయింటు ఉండకూడదు. మట్టికుండలో గానీ గాజు సీసాలో గానీ మేకులు వేసి, ఒక లీటరు నీళ్ళలో బెల్లం కరిగించి పోయండి.

మూత గట్టిగా బిగించవద్దు. పులిసేటప్పుడు గాలి పుడుతుంది, బిగించిన సీసా పగలవచ్చు. పలచటి గుడ్డ వాసెన కట్టి, పిల్లలకీ పిల్లికీ అందని మూల నీడలో పెట్టండి. రెండు మూడు రోజులకోసారి కర్రతో కలపండి.

మూడు వారాలకి నురగ తగ్గుతుంది. అప్పుడు వడకట్టి, కరక్కాయలో తడిపి ఆరబెట్టిన ముక్క మీద ఒక గీత గీయండి. గీసినప్పుడు వెలవెలబోయినట్టు ఉండి, కొన్ని నిమిషాల్లో నల్లబడితే రంగు సిద్ధమైనట్టు. బూడిద రంగులోనే ఆగిపోతే మరో వారం ఉంచండి.

నలుపు సీసాలో ఉండదు. ఇనుమూ కరక్కాయలోని వగరూ గుడ్డ మీద కలిసినప్పుడే పుడుతుంది. ఈ ఒక్క విషయం పిల్లకి ముక్క మీద చేసి చూపించండి. మిగతా దశలన్నీ ఎందుకు ఆ వరసలోనే ఉన్నాయో తనే పట్టేస్తుంది.

## 4. గుడ్డ తయారీ

కోరా గుడ్డలో గంజి ఉంటుంది. పెద్ద చెంచాడు చాకలి సోడా వేసిన నీళ్ళలో అరగంట ఉడకబెట్టి, మూడు నాలుగు నీళ్ళు మార్చి జాడించండి. ఆరాక ఒక నీటిచుక్క వేయండి. వెంటనే ఇంకిపోవాలి. చుక్క పైన నిలబడితే గంజి పోలేదు, మళ్ళీ ఉడకబెట్టాల్సిందే. శ్రీకాళహస్తిలో పేడనీళ్ళలో రాత్రంతా నానబెట్టి తెల్లబరుస్తారు. అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్ళకి సోడా చాలు.

కరక్కాయ పొడిని అర లీటరు నీళ్ళలో ముందురోజు రాత్రే నానబెట్టండి. ఉదయం పలచటి బట్టలో వడకట్టండి. పొడి రేణువు మిగిలితే గుడ్డ మీద చుక్క పడుతుంది. అందులో అర లీటరు పచ్చిపాలు కలిపి, వెంటనే గుడ్డ ముంచండి. ఒక పావుగంట చేత్తో తిప్పుతూ ఉండండి. తర్వాత ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఒకే ఒత్తిడితో పిండండి.

పాలు ఎందుకంటే, పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. అందుకే వెన్న తీసిన ప్యాకెట్ పాలు వద్దు.

ఎండలో ఆరేసి, అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. ఇక్కడే చాలా గుడ్డలు పాడవుతాయి. ఇనుప తీగ మీద ఆరేస్తే తీగ తగిలినంత మేరా నల్లచార పడుతుంది. ఇనుప స్ప్రింగు ఉన్న క్లిప్పులతోనూ అదే గొడవ. ప్లాస్టిక్ తాడు మీదే వేయండి.

బోరు నీళ్ళు వాడేవాళ్ళు మరో పరీక్ష చేయాలి. కరక్కాయ పట్టించిన గుడ్డ ముక్కని ఆ నీళ్ళలో గంటసేపు ఉంచండి. బూడిదరంగుకి తిరిగితే నీళ్ళలో ఇనుము ఉన్నట్టు. ఆ నీళ్ళలో ఎరుపు మకిలిగా వస్తుంది. కుళాయి నీళ్ళో వాననీళ్ళో వాడండి.

## 5. కలాలు, బొగ్గు

పెన్సిలంత వెదురు పుల్లని ఒక చివర సన్నగా చెక్కండి. మొనకి అంగుళంన్నర పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించి కట్టండి. ఉన్నిని రంగులో ముంచి, వేళ్ళతో కొద్దిగా నొక్కుతూ గీస్తే రంగు మొనలోకి దిగుతుంది. గీతలకి సన్నమొన, నింపడానికి మొద్దుమొన. నలుపుకొకటి, పటికకొకటి, పసుపుకొకటి విడిగా ఉండాలి.

మీ కలం పిల్లకి పనికిరాదు. ఆమె వేళ్ళు చిన్నవి కాబట్టి ఉన్ని ఉండ ఉసిరికాయంతే ఉండాలి. పెద్ద ఉండని నొక్కలేక గట్టిగా అదిమితే రంగు కుమ్మరించినట్టు పడుతుంది. ఆమె కలం ఆమెనే చుట్టుకోనివ్వండి, కట్టు ఒక్కటి మీరు బిగించండి.

చింత పుల్లల్ని మూతకి చిన్న చిల్లు ఉన్న డబ్బాలో పెట్టి కాలిస్తే గీసే బొగ్గు తయారవుతుంది. ఈ పని అమ్మే చేయాలి.

## 6. బొమ్మ: ఎవరు ఏది గీయాలి

కాగితం మీద గీసి అచ్చు తీయడం నాకు నచ్చదు. గీతలో ప్రాణం పోతుంది, పిల్లకి కూడా అది హోంవర్కులా అయిపోతుంది. దానికి బదులు రెండు మూడు ఆదివారాలు పొద్దున్నే ఒక చెట్టు దగ్గర కూర్చోండి. వేపాకు అంచున రంపపు పళ్ళుంటాయి, ఆకు కొడవలిలా ఒకవైపు వంగి ఉంటుంది. రావాకుకి పొడుగాటి తోక. చిలక కొమ్మని ఎలా పట్టుకుంటుంది, పాలపిట్ట తీగ మీద ఎలా కూర్చుంటుంది, ఇవి చూసి నోటుపుస్తకంలో నాలుగు గీతలు గీసుకుంటే చాలు.

తర్వాత గుడ్డని మూడు భాగాలుగా మడిచి, మడతలే గుర్తుగా పెట్టుకోండి. చుట్టూ రెండంగుళాల అంచు వదలండి.

- కింది భాగం: నీళ్ళు, నాచు, చేప, తాబేలు, తామర, ఒడ్డున మట్టిగుట్ట, వేళ్ళు
- మధ్య భాగం: మాను, జింకలు, చీమలబారు, తొర్రలో గుడ్లగూబ
- పై భాగం: కొమ్మలు, పూలు, కాయలు, పిట్టలు, సూర్యుడు, చంద్రుడు

జీవవృక్షంలో నీళ్ళ నుంచి ఆకాశం దాకా సృష్టి అంతా చూపించాలి. సృష్టి అంటే ఏం గీయాలి అని చాలామంది అమ్మలు తడబడతారు. మీకు తెలిసిన కథ మీరు చెప్పండి, ఆమె చదువుకున్నది ఆమెని చెప్పనివ్వండి. మత్స్యం, కూర్మం అని నేను మొదలుపెడితే మా అమ్మాయి, "అమ్మా, చేప కంటే ముందు నాచు ఉండాలి కదా! లేకపోతే చేప ఏం తింటుంది?" అంది. అందుకే మా గుడ్డలో అట్టడుగున నాచు తీగలు ఉన్నాయి, వాటి పైనే చేప. రెండు కథలూ ఒకే నీళ్ళలో పట్టాయి.

పంపకంలో నేను గట్టిగా పట్టుకునే నియమం ఒకటే: ఒకరి గీతని మరొకరు దిద్దకూడదు. పిల్ల గీసిన జింక కాళ్ళు పొట్టిగా ఉంటే పొట్టిగానే ఉండనివ్వండి. మీరొక్క గీత సరిచేస్తే ఆ తర్వాత ప్రతి గీతకీ మీ మొహం వైపు చూస్తుంది. మీరు మాను గీస్తే కొమ్మలు ఆమె, మీరు నీళ్ళు గీస్తే అందులో జీవులు ఆమె. పిట్టల దగ్గరికి వచ్చేసరికి చెరో వైపు నుంచి మొదలుపెట్టి మధ్యలో కలవండి.

బొగ్గుతో లేతగా గీయండి. నచ్చకపోతే గుడ్డ దులిపితే చాలావరకు పోతుంది. పూల మధ్య, పిట్ట రెక్కల్లో సన్నగీతలు ఇప్పుడే వద్దు, నలుపుతో నేరుగా గీయాలి.

## 7. నలుపు గీతలు

కింద పాత దుప్పటి, దాని మీద తెల్లబట్ట పరవండి. కలం ముంచి, ముందు పక్కనున్న చిత్తుగుడ్డ మీద ఒక గీత లాగి, అప్పుడు బొమ్మ మీదికి రండి. కుడిచేతి వాటమైతే పైన ఎడమ మూల నుంచి మొదలుపెట్టాలి. ఎడమచేతి వాటమైతే కుడి మూల నుంచి. అప్పుడు తడిగీత మీద చేయి పడదు.

రంగు వెంటనే కనబడలేదని పిల్లలు అదే గీత మళ్ళీ గీస్తారు. రెండు నిమిషాలు ఆగమనండి, దానంతట అదే నల్లబడుతుంది.

చుక్క పడిందా? వెంటనే అద్దుడు కాగితంతో పైకి పీల్చాలి, రుద్దకూడదు. తాజా మరక మీద ఒక బొట్టు నిమ్మరసం వేసి వెంటనే నీళ్ళతో అద్దితే కొంత పలచబడుతుంది, పూర్తిగా పోదు. ఆ చోట పటిక కూడా సరిగా పట్టదు. అందుకని మరకని చీమగానో విత్తనంగానో మార్చడమే మేలు. మా గుడ్డలో ఇలా పుట్టిన చీమలు చాలానే ఉన్నాయి.

పేర్లు, సంవత్సరం అంచులో ఇప్పుడే రాసుకోండి. తర్వాత రాస్తే ఇంత నల్లగా రాదు. ఒక రోజంతా ఆరనివ్వండి.

## 8. పటిక, ఆపైన ఎరుపు

మంజిష్ఠ ఎరుపు పటిక ఉన్నచోటే నిలుస్తుంది. కాబట్టి ఎక్కడ ఎరుపు కావాలో అక్కడ ముందు పటిక నీళ్ళు పూయాలి: పూలు, చిలక ముక్కు, సూర్యుడు, అంచు.

ఒక గ్లాసు వేడినీళ్ళలో 20 గ్రాముల పటిక కరిగించండి. పటిక నీళ్ళకి రంగు ఉండదు, పూసిన చోటు తెలియదు. చిటికెడు మంజిష్ఠ కలిపితే లేత గులాబీగా కనబడుతుంది. పూసిన తర్వాత రెండు రోజులు ఆరనివ్వండి. తొందరపడి మర్నాడే కడిగితే ఎరుపు వెలవెలబోతుంది.

కడగడం చాలా జాగ్రత్తగా చేయాలి. పెద్ద టబ్బు నిండా నీళ్ళు పెట్టి, గుడ్డని ఇద్దరూ నాలుగు కొసలూ పట్టుకుని ఒక్కసారిగా ముంచి వెంటనే ఊపండి. మడతపడి ఒకచోట నిలిచిపోతే, కరిగిన పటిక తెల్లగా ఉండాల్సిన చోట అంటుకుని, అక్కడ కూడా ఎరుపు పడుతుంది. ఆ నీళ్ళు పారబోసి, కుళాయి కింద మరో రెండు మూడుసార్లు జాడించండి.

ముందురోజు రాత్రి మంజిష్ఠ పొడిని పలచటి బట్టలో వదులుగా మూటగట్టి వేడినీళ్ళలో నానబెట్టాలి. మర్నాడు ఐదారు లీటర్ల నీళ్ళలో మూటతో సహా వేసి, తడిగుడ్డ వేయండి. గుడ్డ గిన్నెలో స్వేచ్ఛగా కదలాలి. మంట సన్నగా పెట్టి, గంటసేపట్లో నీళ్ళు ఆవిరి వచ్చేంత వేడెక్కనివ్వండి. తెర్లనివ్వకండి, తెర్లితే ఎరుపు గోధుమరంగులోకి దిగుతుంది. ఆ వేడి మీద ఇంకో గంట, చెక్క గరిటెతో తిప్పుతూనే ఉండాలి.

పొయ్యి దగ్గర పని అమ్మది. అమ్మాయి కాస్త దూరంలో నోటుపుస్తకంతో కూర్చుంటుంది. పావుగంటకోసారి మీరు ఒక ముక్క తీసి చల్లార్చి ఇస్తే, ఆమె రంగు చూసి రాసుకుంటుంది. ఎప్పుడు ఆపాలో ఆమెనే చెప్పనివ్వండి. స్టవ్ ఆపాక గుడ్డని ఆ నీళ్ళలోనే చల్లారనివ్వండి. ఇనుప గిన్నె, ఇనుప గరిటె ఈ దశలో పూర్తిగా నిషిద్ధం.

## 9. తెల్లబరచడం, రెండోసారి పాలు

బయటికి తీసినప్పుడు గుడ్డంతా గులాబీ మకిలిగా ఉంటుంది. కంగారు పడవద్దు. కుంకుడు రసంలో మెల్లగా ఉతికి, మేడ మీద శుభ్రమైన చాప వేసి ఎండలో పరవండి. ఆరినప్పుడల్లా నీళ్ళు చిలకరించండి. మూడు నాలుగు రోజుల ఎండకి పటిక లేనిచోట మకిలి తగ్గి మీగడ రంగు వస్తుంది. మల్లెపూవు తెలుపు రాదు, రానక్కర్లేదు.

ఉడకబెట్టినప్పుడు మొదటి పాలు పోయాయి. మళ్ళీ పాలు పట్టించకుండా పసుపు వేస్తే పాకుతుంది. తాజాగా తెచ్చిన అర లీటరు పచ్చిపాలలో అర లీటరు నీళ్ళు కలిపి మళ్ళీ ముంచి, పిండి, ఎండలో ఆరబెట్టండి.

## 10. పసుపు, ఆకుపచ్చ

దానిమ్మ తొక్కల్ని లీటరు నీళ్ళలో సగం అయ్యేదాకా మరిగించి, వడకట్టి, అర చెంచా పటిక కలపండి. మొద్దుకలంతో పూల మధ్య, చిలక మెడ, జింక ఒళ్ళు నింపండి. ఈ దశ పూర్తిగా పిల్లకే వదిలేయండి, ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు.

ఆకులకి, రెండు చెంచాల దానిమ్మ రంగులో ఒకే ఒక్క బొట్టు కసింకారం కలపండి. వేపాకు ముదిరినప్పటి ఛాయకి దగ్గరగా వస్తుంది. రెండో బొట్టు వేస్తే బూడిదరంగు. ముక్క మీద చూడకుండా ఆకుల మీదికి వెళ్ళవద్దు.

వంటపసుపు వాడదామని పిల్లలు అడుగుతారు, చూడ్డానికి మెరుస్తుంది కూడా. కానీ ఎండకి వెలిసిపోతుంది. బీట్రూట్, మందారం ఉతుకుకి నిలవవు. వద్దని చెప్పే బదులు ఒక్కో ముక్క మీద వేయించి, సగం కాగితంతో కప్పి కిటికీలో వారం పెట్టమనండి.

## 11. తప్పు ఎక్కడ జరిగిందో గుర్తుపట్టడం

నలుపు పాకింది. పాలు పలచన, లేదా గుడ్డ పూర్తిగా ఆరలేదు, లేదా కలంలో రంగు ఎక్కువ. మిగతా గుడ్డని మళ్ళీ ఎండబెట్టి, కలం పిండి గీయండి.

నలుపు రాలేదు, తుప్పురంగు వచ్చింది. అక్కడ కరక్కాయ పట్టలేదు. పలచటి కరక్కాయ నీళ్ళు ఆ గీత మీదే సన్నగా పూస్తే నల్లబడుతుంది.

గీత వెంట గుడ్డ పెళుసుగా అవుతోంది. కసింకారం మరీ ఘాటుగా ఉంది. తర్వాతిసారి సగం నీళ్ళు కలపండి. ఈసారికి మృదువుగా ఉతికి, వెనక పలచటి గుడ్డ వేసి కుట్టండి.

ఎరుపు మచ్చలుగా వచ్చింది. గిన్నె చిన్నది, లేదా తిప్పలేదు. మిగిలిన మంజిష్ఠ నీళ్ళలోనే మళ్ళీ వేడిచేసి తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

ఎరుపు అసలు పట్టలేదు. పటిక ఆరకముందే కడిగారు. ఆరబెట్టి, ఆ చోట్ల మళ్ళీ పటిక పూసి, దశ 8 మొత్తం మళ్ళీ చేయాలి. దగ్గరదారి లేదు.

పాల వాసన పోవడం లేదు. చివరి ఉతుకు అయ్యాక రెండు రోజులు గాలి తగిలే నీడలో ఉంచండి.

## 12. చివరి ఉతుకు, దాచుకోవడం

పసుపు, ఆకుపచ్చ వేశాక మూడు రోజులు కదపకండి. ఆపైన చల్లటి నీళ్ళలో కుంకుడు రసంతో ఒక్కసారి మెల్లగా ఉతికి, నీడలో ఆరబెట్టి, తిరగవేసి ఇస్త్రీ చేయండి.

- మడవకండి, అట్టగొట్టానికి పాత నూలుచీర చుట్టి దాని మీద చుట్టండి
- గోడకి కడితే ఎండ నేరుగా పడని గోడ చూడండి
- ఫ్రేముకి ఇనుప పిన్నులు కొట్టించకండి
- డిటర్జెంట్, బ్లీచింగ్ ఎప్పటికీ వద్దు

కసింకారం, పటిక నీళ్ళు పూలకుండీల్లో పోయకండి. మిగిలిన కసింకారాన్ని వడకట్టి, వదులు మూతతో ఉంచితే తర్వాతి గుడ్డకి పనికొస్తుంది. మంజిష్ఠ నీళ్ళు కూడా పారబోయకండి. పటికలో నానబెట్టి ఆరబెట్టిన తెల్ల నూలు చేతిరుమాళ్ళని అందులో అదే సన్నమంట మీద గంటసేపు ఉంచితే లేత గులాబీ రంగు వస్తుంది.